సముద్రం దాటే వానప్రస్థం

విదేశంలోని బిడ్డల చెంత శేషజీవితం గడపదలచిన పెద్దలు విమానం టిక్కెట్టుకన్న ముందుగా చక్కబెట్టుకోవలసిన సంగతులు

‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం’ అనేవారు మన పెద్దలు. వార్ధక్యంలో కాశీయాత్ర తలపెట్టిన గృహస్థు ఇల్లూ వాకిలీ కొడుకులకు అప్పగించి, ఊరివారివద్ద సెలవు పుచ్చుకొని, తిరిగి వస్తాననే భరోసా లేకుండానే బయలుదేరేవాడు. త్రోవలో దొంగల భయం ఉండేది. జ్వరాల భయం ఉండేది. కాని, ‘నీవు పుట్టిన తేదీకి రుజువేమిటి? నీ వెంట వచ్చిన ఈమె నీ ధర్మపత్ని అనడానికి సాక్ష్యమేమిటి?’ అని అతన్ని ఎవరూ నిలదీసేవారు కారు.

నేటి వానప్రస్థం దిశ మార్చుకున్నది. బిడ్డలు ఉన్నచోటే కాశీ అయింది. ఆ కాశీ న్యూజెర్సీలోనో, టొరంటోలోనో ఉన్నది. ప్రయాణం ఒకటి రెండు రోజుల పని. భయమల్లా కాగితాలతోనే.

రాయపూర్ నగరంలో రైల్వే స్టేషనుకు, పండరి బట్టల బజారుకు చేరువగా ఉన్న దేవేంద్ర నగర్‌లోనూ, ఆ చుట్టుపట్ల కాలనీలలోనూ ఈ భయాన్ని ఎరిగిన తెలుగు దంపతులు కనిపిస్తారు. ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికి తెలుగువారి రాక కొత్తది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారు విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ వరకు వేసిన మార్గం 1931 నాటికి పూర్తయింది. ఉత్తర కోస్తా జిల్లాల యువకులు ఆ పట్టాల వెంటనే ఉద్యోగాలు వెదుక్కుంటూ వచ్చారు. సోవియట్ సహకారానికి 1955లో ఒప్పందం కుదిరి, 1959లో తొలి ఉక్కుకొలిమి వెలిగిన భిలాయి కర్మాగారం మరెందరినో రప్పించింది. వారి పిల్లలు ఇక్కడి హిందీ బడులలో చదివి, ఇంజనీర్లయి, హైదరాబాదు, బెంగుళూరుల మీదుగా సముద్రం దాటారు. ఇంట మిగిలింది ఇద్దరు. ‘ఇక ఇక్కడికే వచ్చెయ్యండి’ అని ఫోనులో పిలుపు వస్తుంది. ఆ పిలుపు వచ్చిన మరునాడు బీరువా అడుగున ఉన్న రేకుపెట్టె బయటికి వస్తుంది.

అనువాదం నా వృత్తి గనుక ఆ పెట్టెలలోని కాగితాలు తరచు నా బల్లమీదికి చేరుతుంటాయి. వాటిని చూచినప్పుడు కలిగే అభిప్రాయం ఒక్కటే. వీసా అధికారి పెద్దల మంచితనాన్ని పరీక్షించడు. బిడ్డల ప్రేమను కొలవడు. తన ముందున్న కాగితాలన్నీ ఒకే మనిషిని గురించి మాట్లాడుతున్నాయా, లేదా అన్నదే అతడు చూస్తాడు. మన పెద్దలలో చాలామందికి కాగితాల కొరత లేదు. ఉన్న కాగితాలు ఒకదానితో ఒకటి ఏకీభవించకపోవడమే చిక్కు.

వెళ్లి రావడమా, వెళ్లి ఉండిపోవడమా?

అన్నిటికన్న ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. కావలసిన కాగితాలేవో ఈ జవాబును బట్టి ఉంటుంది.

అమెరికాకు వెళ్లే పెద్దలలో ఎక్కువమంది తీసుకొనేది బి-2 అనే సందర్శక వీసా. అది పది సంవత్సరాలకు దొరికినా, ఒక్కొక్క పర్యాయం ఎంతకాలం ఉండవచ్చునో అక్కడ దిగిన తరువాత అధికారి నిర్ణయిస్తాడు. సాధారణంగా అది ఆరు మాసాలు. శాశ్వతంగా ఉండిపోవడానికి వేరొక మార్గం ఉన్నది. దానికి ఐ.ఆర్-5 అని పేరు. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండిన అమెరికా పౌరుడు గాని, పౌరురాలు గాని తన తల్లిదండ్రులకోసం పెట్టుకొనే దరఖాస్తు ఇది. బిడ్డకు గ్రీన్‌కార్డు ఉంటే చాలదు, పౌరసత్వం ఉండాలి. బిడ్డ మొదట ఐ-130 అనే పత్రం దాఖలు చేయాలి. పిమ్మట తన ఆదాయం ఆ దేశం ప్రకటించే దారిద్ర్యరేఖకు కనీసం 125 శాతం ఉన్నదని చూపి, తల్లిదండ్రులను పోషిస్తానని ఐ-864 అనే పూచీపత్రం ఇవ్వాలి. తల్లికి ఒక ఐ-130, తండ్రికి మరొకటి. ఇద్దరూ ఒకే ఇంటివారైనా దరఖాస్తులు రెండు. ఈ సంగతిని గుర్తుంచుకోవలసిన అవసరం ముందు ముందు వస్తుంది.

గ్రీన్‌కార్డు పుచ్చుకొన్న పెద్దలు అమెరికాను తమ నివాసంగా చేసుకోవలసి ఉంటుంది. ముందుగా అనుమతిపత్రం పొందకుండా ఏడాదికి మించి బయట ఉండిపోతే ఆ హక్కు పోయే ప్రమాదం ఉన్నది. అంతకన్న తక్కువ కాలమైనా, దీర్ఘంగా బయట గడిపితే ప్రశ్నలు ఎదురవుతాయి. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు దేవేంద్ర నగర్‌లో గడపాలనుకొనేవారికి ఈ మార్గం అంతగా పొసగదు. పైగా, అరవై ఐదేళ్లు దాటి వలస వెళ్లినవారు అక్కడి ప్రభుత్వ వైద్యబీమా అయిన మెడికేర్‌లో రుసుము కట్టి చేరాలన్నా ఐదు సంవత్సరాలు ఎడతెగకుండా అక్కడ నివసించి ఉండాలి. ఆ ఐదేళ్ల వైద్యానికి ఏర్పాటు ఏమిటో టిక్కెట్టు కొనకముందే బిడ్డలతో కూర్చొని మాట్లాడుకోవడం మేలు.

కెనడా 2011 డిసెంబరులో ‘సూపర్ వీసా’ అనే మధ్యేమార్గాన్ని ప్రవేశపెట్టింది. ఇది వలస కాదు, దీర్ఘకాలపు సందర్శన. 2022 జూలై నుంచి ఒక్క రాకకు ఐదేళ్ల వరకు ఉండనిస్తున్నారు. బిడ్డ గాని, మనుమడు గాని అక్కడి పౌరుడో శాశ్వత నివాసియో అయి ఉండి ఆహ్వానపత్రం వ్రాయాలి. నిర్ణీతమైన ఆదాయం చూపాలి. పెద్దలు వైద్యపరీక్ష చేయించుకోవాలి. కనీసం ఒక సంవత్సరానికి, లక్ష కెనడా డాలర్లకు తగ్గకుండా ఆరోగ్యబీమా తీసుకోవాలి. బ్రిటన్ మాత్రం 2012 నుంచి తలుపు చాలవరకు మూసివేసింది. నిత్యకృత్యాలకు సైతం ఇతరుల సాయం కావలసిన స్థితిలో ఉండి, ఆ సాయం స్వదేశంలో దొరకదని రుజువు చేయగలిగిన తల్లిదండ్రులకే అక్కడ ప్రవేశం.

బిడ్డలతో నిమిత్తం లేకుండా పదవీ విరమణ చేసినవారికోసమే వీసాలిచ్చే దేశాలూ ఉన్నాయి. థాయిలాండ్‌లో యాభై ఏళ్లు నిండినవారు బ్యాంకులో 8 లక్షల బాత్‌లు నిలువగాని, నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం గాని చూపాలి. పోలీసు ధ్రువపత్రం, వైద్యుని పత్రం జతచేయాలి. ఆ వైద్యపత్రంలో కుష్ఠు, క్షయ వంటి వ్యాధులతోపాటు మన కోస్తా జిల్లాలకు బాగా తెలిసిన బోదకాలు కూడా లేదని వ్రాయించాలి. అక్కడ స్థిరపడిన తరువాత తొంభై రోజులకొకసారి చిరునామా తెలియజేస్తూ ఉండాలి. మలేషియా ‘నా రెండవ ఇల్లు’ అనే అర్థం వచ్చే పేరుతో 2002 నుంచి ఇటువంటి పథకాన్ని నడుపుతున్నది. బ్యాంకు డిపాజిట్టు అక్కడ ముఖ్యం. ఈ దేశాలు చూసేది ధనాన్ని. అమెరికా, కెనడాలు చూసేది సంబంధాన్ని. ధనాన్ని రుజువు చేయడం తేలిక, బ్యాంకు ఒక్క కాగితం ఇస్తే సరిపోతుంది. సంబంధాన్ని రుజువు చేయడానికి మాత్రం అరవై, డెబ్బై సంవత్సరాల కాగితాలు తిరగవెయ్యాలి.

ఇంటిపేరు ముందా, వెనుకా?

పాస్‌పోర్టు దరఖాస్తులో పేరుకు రెండు గళ్లుంటాయి: ఒకటి పెట్టినపేరుకు, రెండవది ఇంటిపేరుకు. తెలుగువాడు ఇంటిపేరును ముందు వ్రాసుకొంటాడు, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. హిందీ దేశంలో చివరి మాటే ఇంటిపేరు. ఈ రెండు ఆచారాల నడుమ మన పెద్దల పేర్లు నలిగిపోయాయి.

సూర్యనారాయణరావు అనే పేరునే తీసుకొనండి. స్వగ్రామంలోని బడి రికార్డులో ఇంటిపేరుతో సహా సంపూర్ణంగా ఉంటుంది. రైల్వే సర్వీసు రిజిస్టరులో ఎస్.ఎన్. రావు అవుతుంది. ఓటర్ల జాబితాలో హిందీ గుమస్తా దాన్ని మూడు ముక్కలు చేసి సూర్య, నారాయణ, రావు అని వ్రాస్తాడు. పాన్‌కార్డులో పొడి అక్షరాలు విప్పి వ్రాయవలసి వచ్చి ఇంటిపేరు చివరికి పోతుంది. కాలనీలో ఆయన ‘రావుగారు’. కనుక కొడుకును బడిలో చేర్చేటప్పుడు ‘రావు’ అనేదే వంశనామంగా నమోదవుతుంది. నలభై ఏళ్ల తరువాత ఆ కొడుకు అమెరికా పౌరుడై తండ్రికోసం దరఖాస్తు పెట్టినప్పుడు, కొడుకు జనన ధ్రువపత్రంలోని తండ్రి పేరు ఒకటి, తండ్రి పాస్‌పోర్టులోని పేరు మరొకటి అవుతాయి. రావుగారిని ఎరిగిన వీధి మొత్తానికి ఇందులో సందేహం లేదు. కాని ఆ వీధి వీసా కార్యాలయానికి వెళ్లదు గదా!

మరొక చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని గాని, పెట్టినపేరు గడిని గాని ఖాళీగా వదలినవారున్నారు. ఒకే పేరుగల పాస్‌పోర్టు ఎదురైనప్పుడు అమెరికావారు ఆ పేరును ఇంటిపేరుగా భావించి, పెట్టినపేరు స్థానంలో ‘పేరు తెలియదు’ అనే అర్థం వచ్చే ఎఫ్.ఎన్.యు. అనే మూడక్షరాలు ముద్రిస్తారు. తరువాత ఆ దేశంలో తీసుకొనే ప్రతి కార్డులోనూ ఆ మూడక్షరాలు వెంటపడతాయి.

దీనికి ఉపాయం ఒక్కటే. ఒక కాగితాన్ని మూలస్తంభంగా ఎన్నుకోవాలి, అది పాస్‌పోర్టు కావడం మంచిది. రెండు గళ్లూ సక్రమంగా నింపిన పాస్‌పోర్టు చేతికి వచ్చిన తరువాత ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, పింఛను కాగితాలను ఒక్కొక్కటిగా దాని ప్రకారం సరిచేయించుకోవాలి. ఇప్పుడు దిద్దడానికి వీలులేని పాత బడిపత్రాలకు, సర్వీసు రికార్డులకు, ‘ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి’ అని నోటరీ ఎదుట ప్రమాణపత్రం వ్రాయించి జతచేయాలి. పేరులో తేడా మరీ పెద్దదైతే పత్రికా ప్రకటన, రాజపత్రంలో ప్రచురణ అవసరమవుతాయి. వాటికి నెలలు పడతాయి గనుక ముందే ఆరంభించాలి.

పుట్టిన రోజు, పుట్టిన ఊరు

మద్రాసు రాజధానిలో 1899 నాటి చట్టం క్రింద గ్రామాలలో జననమరణాలు నమోదయ్యేవి. కాని పురిటి దినాలలో వ్రాయించిన ఆ నమోదులో తరచు బిడ్డ పేరు ఉండదు. ‘ఫలానావారికి మగశిశువు’ అని మాత్రమే ఉంటుంది. బారసాల నాటికి మళ్లీ వెళ్లి పేరు వ్రాయించినవారు అరుదు. దేశమంతటికీ ఒకే జనన మరణ నమోదు చట్టం 1969లో గాని రాలేదు. ఈలోగా గ్రామాధికారుల పదవులు ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయ్యాయి. పాత పుస్తకాలు కొన్ని తాలూకా కచేరీలకు చేరాయి. కొన్ని చెదలకు ఆహారమయ్యాయి.

కనుక బడిలో వ్రాయించిన తేదీయే పుట్టిన తేదీ అయింది. ఆ తేదీని నిర్ణయించినవాడు చాలాసార్లు ప్రధానోపాధ్యాయుడే. బడిలో చేరడానికి వయసు సరిపోయేటట్లు ఆయన వేసిన ‘జూలై 1’ మన తరంవారిలో ఎందరికో పుట్టినరోజు. ఆధార్ వచ్చిన తరువాత, తేదీ తెలియక వయసు మాత్రమే చెప్పినవారికి ‘జనవరి 1’ అనే మరో పుట్టినరోజు దొరికింది. ఇక అసలు జాతకంలో ‘వికృతి నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి’ అని ఉండవచ్చు. వికృతి 1950 ఉగాదికి మొదలైంది గనుక తొందరపడి 1950 అని వ్రాసేవారుంటారు. మాఘమాసం వచ్చేనాటికి ఇంగ్లీషు సంవత్సరం మారి 1951 అయిపోయింది. ఒక్క మనిషికి ఈ విధంగా మూడు పుట్టినరోజులు!

జనన ధ్రువపత్రం లేనివారు మొదట పుట్టిన ఊరి పురపాలక కార్యాలయానికో, మండల కార్యాలయానికో దరఖాస్తు పెట్టి రికార్డు వెదికించాలి. రికార్డు దొరకకపోతే ‘లభ్యం కాలేదు’ అనే ధ్రువపత్రాన్ని పుచ్చుకోవాలి. లేదన్న కాగితమైనా పనికివచ్చే కాగితమే. దానికి బడిపత్రం వంటి ఇతర ఆధారాలను, జననం గురించి స్వయంగా తెలిసినవారి ప్రమాణపత్రాలను జతచేయాలి. ఇక్కడే కాలం మనకు ఎదురు తిరుగుతుంది. డెబ్బై అయిదేళ్లవారి పుట్టుకను కళ్లారా చూచినవారు ఎందరు మిగిలి ఉంటారు? మేనత్తో, పెద్దక్కగారో బ్రతికి ఉంటే, ఆమె స్పృహలో ఉండి వేలిముద్ర వేయగలిగినన్నాళ్లే ఆ సాక్ష్యానికి ఆయువు. విదేశయాత్ర ఇంకా ఆలోచనలోనే ఉన్నా, ఈ ఒక్క ప్రమాణపత్రాన్ని మాత్రం వాయిదా వెయ్యకూడదు.

పుట్టిన తేదీవలెనే పుట్టిన ఊరూ ఒకచోట నిలిచి ఉండలేదు. 1951లో పార్వతీపురంలో పుట్టిన బిడ్డ మద్రాసు రాష్ట్రంలోని శ్రీకాకుళం జిల్లాలో పుట్టాడు. రెండేళ్లకు, 1953లో, ఆ ఊరు ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. 1956లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. 1979లో జిల్లా విజయనగరమైంది. 2022లో ఆ ఊరే పార్వతీపురం మన్యం జిల్లాకు కేంద్రమైంది. అతడు ఉద్యోగానికి వచ్చిన రాయపూర్ మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్‌కు రాజధాని. అతడు చేరింది ఆగ్నేయ రైల్వేలో. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా కొత్త రైల్వే మండలం ఏర్పడింది. మనిషి ఒక్కసారే ఊరు మారాడు. రాష్ట్రాలు, జిల్లాలు, మండలాలు మాత్రం అతని కాగితాల మీద మారుతూనే వచ్చాయి. ఈ మార్పులలో ఎవరి తప్పూ లేదు. కాని దూరదేశపు అధికారికి ఈ చరిత్ర తెలియదు గనుక, ఏ సంవత్సరంలో ఏది ఏదిగా మారిందో ఒక్క పుటలో విన్నవించుకొంటే అనుమానానికి తావుండదు.

ఆమె కాగితాలు

ఇంతవరకు చెప్పినవన్నీ భర్తగారి కష్టాలు. ఆయనకు బడిపత్రం, సర్వీసు రిజిస్టరు, పింఛను ఉత్తర్వు ఉన్నాయి. అవి పరస్పరం వాదించుకొన్నా, ఆయన ఉనికిని చాటడానికి చాలినన్ని ఉన్నాయి. భార్య సంగతి వేరు. అయిదో తరగతితో చదువు ఆగిన ఇల్లాలికి బడిపత్రం ఉండదు. జీవితమంతా ఆమె పేరు భర్త కాగితాలలో ఒక వరుసగానే నడిచింది: రేషను కార్డులో రెండవ పంక్తి, రైల్వే పాసులో రెండవ పేరు, ఆస్పత్రి కార్డులో ‘భార్య’.

ఆ పేరైనా ఒక్కటిగా ఉండదు. పుట్టింట లక్ష్మమ్మ, అత్తవారింట లక్ష్మీదేవి, రాయపూర్ కాగితాలలో లక్ష్మీ రావు. ‘క్ష’ అక్షరాన్ని తెలుగువారు ఇంగ్లీషులో కె, ఎస్, హెచ్ అక్షరాలతో కూర్చి వ్రాస్తే, హిందీ ప్రాంతపు గుమస్తా ఒక్క ఎక్స్‌తో సరిపెడతాడు. పలికేటప్పుడు రెండూ ఒకటే. యంత్రం చదివేటప్పుడు ఇద్దరు లక్ష్ములు.

పెళ్లికి రుజువు ఏది? హిందూ వివాహ చట్టం 1955లోనే నమోదుకు అవకాశం కల్పించినా, ఆ నాటి తెలుగు ఇళ్లలో కన్యాదానం జరిగిన తరువాత కచేరీకి వెళ్లినవారు లేరనే చెప్పాలి. వివాహాలను తప్పనిసరిగా నమోదు చేయించాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది 2006లో. అందుచేత మనుమలు గల దంపతులు శుభలేఖ, పెళ్లిఫోటో, సాక్షులతో వివాహ నమోదు అధికారి ముందు నిలబడవలసి వస్తున్నది. అమెరికాలో ఉన్న బిడ్డ తండ్రికోసం దరఖాస్తు పెట్టినప్పుడు, తన జనన ధ్రువపత్రంతోపాటు తల్లిదండ్రుల వివాహ ధ్రువపత్రం కూడా జతచేయవలసి ఉంటుంది. అంటే, ఆమె పెళ్లి కాగితం లేకపోతే ఆయన దరఖాస్తు కూడా ముందుకు సాగదు.

శుభలేఖలోనూ చిక్కులున్నాయి. మన ముహూర్తాలు తరచు అర్ధరాత్రి దాటిన తరువాత వస్తాయి. ‘శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం’ అన్న ముహూర్తానికి తేదీ శుక్రవారానిదా, శనివారానిదా? అధికారుల లెక్కలో పన్నెండు దాటితే మరునాడే. ఇంట్లోవారు మాత్రం జీవితమంతా శుక్రవారపు తేదీనే పెళ్లిరోజుగా జరుపుకొని ఉంటారు. అన్ని దరఖాస్తులలోనూ వివాహ ధ్రువపత్రంలోని తేదీనే వాడాలి.

వయసుల లెక్క కూడా ఒకసారి వేసి చూసుకోవడం మంచిది. ఆధార్‌లో ఆమె పుట్టిన సంవత్సరం 1956 అనీ, పెళ్లి 1967లో అనీ, పెద్దబిడ్డ 1970లో పుట్టాడనీ ఉంటే, పదకొండో ఏట పెళ్లి, పద్నాలుగో ఏట కాన్పు అని అర్థం. అసలు సంగతి ఆధార్ నమోదునాడు ఎవరో ఉజ్జాయింపుగా వయసు చెప్పడమే కావచ్చు. కాని అధికారి ఆగేది అక్కడే.

తల్లికి ఒక దరఖాస్తు, తండ్రికి ఒక దరఖాస్తు అని మొదట చెప్పిన సంగతి ఇప్పుడు గుర్తుచేసుకొనండి. ఆయన కాగితాలు నెగ్గి, ఆమెవి ఆగిపోయే స్థితి రావచ్చు. అప్పుడు ఆయన ముందుగా వెళ్లడమా? గడువు దాటిపోయేలోగా ఆమె కాగితాలు తెమిలేనా? యాభై ఏళ్లు ఒక కప్పు క్రింద గడిపినవారు డెబ్బయ్యో పడిలో విడిపోయి, ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ మందులు వేసుకొంటూ కూర్చోవడానికి ఒక్క అక్షరం చాలు. అందువల్ల ఏ ఇంట్లోనైనా పని ఆమె కాగితాలతోనే మొదలుపెట్టాలి.

అనువాదకుని బల్లమీద

తెలుగు బడిపత్రం, హిందీ వివాహ ధ్రువపత్రం ఇంగ్లీషులోకి రావాలి. అమెరికా వలస కార్యాలయంవారు అనువాదకుని నుంచి రెండు మాటలు వ్రాతమూలకంగా కోరుతారు: అనువాదం సంపూర్ణంగా, యథాతథంగా ఉన్నదనీ, ఆ భాషనుంచి ఇంగ్లీషులోకి అనువదించే యోగ్యత తనకు ఉన్నదనీ. మన దేశంలో 1952 నాటి నోటరీల చట్టం దస్తావేజులను అనువదించడం, అనువాదాలను ధ్రువీకరించడం కూడా నోటరీ విధులలో చేర్చింది.

కథను అనువదించేటప్పుడు అనువాదకునికి కొంత స్వేచ్ఛ ఉంటుంది. ధ్రువపత్రం విషయంలో అది బొత్తిగా లేదు. మూలంలో తప్పు ఉంటే అనువాదంలోనూ ఆ తప్పు ఉండాలి. ‘పేరు కొంచెం పాస్‌పోర్టులో ఉన్నట్లు వ్రాసి పెట్టండి’ అని అడిగే పెద్దలున్నారు. అలా వ్రాస్తే చక్కబడేది ఏమీ లేదు, అనుమానం పెరుగుతుంది. మద్రాసు రాష్ట్రం అని ఉంటే మద్రాసు రాష్ట్రమే, మధ్యప్రదేశ్ అని ఉంటే మధ్యప్రదేశే. ముద్రలు, చేవ్రాతలు, అంచున గుమస్తా వేసిన నంబరు, అన్నీ అనువాదంలో కనిపించాలి. శుభలేఖలో వధువు పేరుకు ముందున్న ‘చి.ల.సౌ.’ అనే ఆశీర్వచనాన్ని తెలియనివారు ఇంటిపేరు తాలూకు పొడి అక్షరాలనుకొని ఇంగ్లీషులో వేస్తే, ఆ ఇల్లాలికి కొత్తగా నాలుగో పేరు పుట్టుకొస్తుంది. తెలుగు సంవత్సరం పేరును ఉన్నది ఉన్నట్లు వ్రాసి, సరిపోయే ఇంగ్లీషు తేదీని వివరణగా వేరుగా చూపాలి.

కొన్ని దేశాలు అసలు పత్రంపైన ‘అపోస్టీల్’ అనే ముద్ర కోరుతాయి. ఒక దేశపు ప్రభుత్వపత్రాన్ని మరొక దేశం నమ్మడానికి 1961లో హేగ్ నగరంలో కుదిరిన ఒడంబడిక ఫలితమిది. భారతదేశం 2005లో ఇందులో చేరింది. ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ జరగాలి. పిమ్మట విదేశాంగ మంత్రిత్వశాఖ ముద్ర వేస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ధ్రువీకరణ పత్రం పుట్టిన రాష్ట్రంలో జరగాలి. పార్వతీపురంలో పుట్టిన కాగితానికి రాయపూర్‌లో ముద్ర దొరకదు. ఒడంబడికలో లేని దేశాలకు వెళ్లేవారు ఆ దేశపు దౌత్యకార్యాలయం ముద్ర కూడా వేయించుకోవాలి. అన్ని వీసాలకూ ఇది అవసరం లేదు గనుక, అవసరమని తేలిన తరువాతనే డబ్బు ఖర్చు చేయడం వివేకం.

పోలీసు ధ్రువపత్రం పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా వస్తుంది. ఆ కార్యాలయం రాయపూర్‌లోనే ఉన్నది. దానికీ, వైద్యపరీక్షకూ గడువు ఉంటుంది గనుక, వాటిని అన్నిటికన్న చివర పెట్టుకోవాలి. ఎన్నడో క్షయకు చికిత్స పొందినవారు ఆనాటి ఆస్పత్రి కాగితాలను, ఎక్స్‌రేలను పారవేయకూడదు. ఊపిరితిత్తుల మీద మిగిలిన పాత మచ్చకు అవే సమాధానం.

వెళ్లిన తరువాత ఇక్కడ మిగిలేవి

వీసా వచ్చింది, ఇక కాగితాల పని తీరిందనుకోవడం పొరపాటు. వెళ్లినవారు ఇక్కడ బ్రతికి ఉన్నారని ఏటేటా చెప్పుకోవాలి. కేంద్రప్రభుత్వ, రైల్వే పింఛనుదారులు నవంబరులో జీవన ధ్రువపత్రం ఇవ్వాలి. ఎనభై నిండినవారికి అక్టోబరు నుంచే అవకాశం ఉన్నది. 2014లో ‘జీవన్ ప్రమాణ్’ వచ్చిన తరువాత బ్యాంకుకు స్వయంగా వెళ్లవలసిన పని తగ్గింది. విదేశంలో ఉన్నవారు అక్కడి భారత దౌత్యకార్యాలయపు అధికారి సంతకంతో కూడా పంపవచ్చు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం క్రింద ఉన్న కర్మాగార కార్మికులు సమర్పించిన పత్రం ఆ తేదీనుంచి పన్నెండు మాసాలు చెల్లుతుంది.

స్థిరనివాసానికి దేశం విడిచినవారి సాధారణ బ్యాంకు ఖాతాను విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. ఇల్లు అమ్మిన సొమ్మును ఆ ఖాతా ద్వారా, పన్ను చెల్లించి, ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల అమెరికా డాలర్ల మేరకు బయటికి పంపవచ్చు. ఇల్లు అమ్మక, ఇక్కడి బంధువుకు అధికారం ఇచ్చి వెళ్లదలచినవారు ఆ అధికారపత్రాన్ని బయలుదేరేలోగానే వ్రాసి రిజిస్టరు చేయించడం సుఖం. విదేశంలో వ్రాసిన అధికారపత్రానికి అక్కడి దౌత్యకార్యాలయం ధ్రువీకరణ కావాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల లోపల స్టాంపు సుంకం కూడా కట్టాలి.

ఇప్పుడు పనుల వరుసను ఒకసారి చెప్పుకొందాం. మొదట పెట్టెలోని కాగితాలన్నీ తీసి, ఇద్దరి పేర్లు, తేదీలు, ఊళ్లు ఒక్కొక్క కాగితంలో ఎలా ఉన్నాయో ఒక తావుమీద పట్టిక వేసుకోవాలి. రెండు, బ్రతికి ఉన్న పెద్దల సాక్ష్యం వ్రాయించుకోవాలి. మూడు, జనన రికార్డు వెదికించి, వివాహం నమోదు చేయించాలి. నాలుగు, పాస్‌పోర్టు సరిచేయించి, మిగిలినవాటిని దానికి అనుగుణంగా దిద్దించాలి. అయిదు, అనువాదాలు, ముద్రలు. ఆరు, పోలీసు పత్రం, వైద్యపరీక్ష. ఈ క్రమం తప్పితే ఒకే పనిని రెండుసార్లు చేయవలసి వస్తుంది.

ఇంత శ్రమపడి, చివరికి ఎక్కడికీ వెళ్లకుండా దేవేంద్ర నగర్‌లోనే ఉండిపోయే దంపతులూ ఉంటారు. అక్కడి చలి పడకపోవచ్చు. ఇక్కడి పొరుగు విడువలేకపోవచ్చు. వారి శ్రమ వృథా కాదు. భర్త గతిస్తే కుటుంబ పింఛను అందవలసింది భార్యకు. పింఛను ఉత్తర్వులోని ఆమె పేరు, బ్యాంకులోని ఆమె పేరు ఒకటి కాకపోతే, దుఃఖంలో ఉన్న ఆ తల్లి కార్యాలయాల మెట్లు ఎక్కవలసి వస్తుంది. ఎనభయ్యో ఏట కుటుంబ పింఛనుకు కలిసే ఇరవై శాతం అదనపు మొత్తం కూడా ఆమె పుట్టిన తేదీ ఆ ఉత్తర్వులో సక్రమంగా ఉంటేనే సకాలంలో చేతికి వస్తుంది. వీసాకోసం దిద్దించిన పేరు, తేదీ ఆనాడు ఆమెకు అక్కరకు వస్తాయి. కనుక ప్రయాణం నిశ్చయమైనా కాకపోయినా, రేకుపెట్టెను ఈ వారంలోనే తెరవండి. మొట్టమొదట ఆమె పేరు వెదకండి.